పెరిమెనోపాజ్: మన అమ్మలకి గర్భసంచి ఎందుకు తీసేశారు?

గోదావరిఖనిలో మా సింగరేణి క్వార్టర్. నాన్న నైట్ షిఫ్ట్‌కి పోతే అమ్మ అర్ధరాత్రి లేచి ఫ్యాన్ కింద కూర్చునేది. చలికాలంలో కూడా చెమటలే. అప్పుడామెకు 44. "బొగ్గు ఊరు, ఉడక పోయదా" అనేది. మేమూ నమ్మేశాం.

అది పెరిమెనోపాజ్. ముట్లు పూర్తిగా ఆగకముందు కొన్నేళ్లు ఈస్ట్రోజన్ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతుంది. నెలసరి లెక్క తప్పుతుంది, నిద్ర పట్టదు, ఒళ్లంతా ఆవిర్లు.

ముట్లు 12 ఏళ్లకి మొదలై 50కి ఆగుతాయని సుశ్రుత సంహితలోనే ఉంది. మెనోపాజ్ అనే మాట ఫ్రెంచ్ డాక్టర్ గార్డాన్ 1821లో వాడాడు. కానీ ఆగే ముందు దశలకి డాక్టర్లు ఒక ఉమ్మడి లెక్క పెట్టుకుంది 2001లో, అమెరికాలోని పార్క్ సిటీలో. అంత లేటు!

ఈలోపు మన దగ్గర ఇంకో దారి దొరికింది. బ్లీడింగ్ ఎక్కువైందా, సంచి తీసెయ్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్. ఉంచినా కొందరికి ముందే వచ్చేస్తుంది. అనవసర ఆపరేషన్లు ఆపే గైడ్‌లైన్స్ అమలు చేయమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది 2023లో.

అమ్మకీ ఒక ప్రైవేటు డాక్టర్ అదే అన్నాడు. రెండో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, మాత్రలు రాసి, ఆర్నెల్లు ఆగుదాం అంది. తగ్గింది. ఏడాది పాటు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే రమ్మంది. ఆ ఒక్కమాట అమ్మ క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంది.