తాడిపత్రి సీమ వంశచరిత్రలు - అనాథాశ్రమ పట్టికలు

తాడిపత్రి సీమలో వంశచరిత్రను వెదకువారికి శాసనములకన్న, కైఫియతులకన్న అనాథాశ్రమపు పట్టికయే ఒక్కొక్కచో శరణ్యమగును. కాళయుక్తి సంవత్సరమున (1918-19) వానలు తప్పినవి; ఆ యేడే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఊళ్లపై బడినది. తల్లిదండ్రులు పోయిన పిల్లలకు శాసనము వ్రాయించు వారెవ్వరు?

ఇట్టి పట్టికలలో మొదటి చిక్కు పేరు. జ్ఞానస్నానముతో పేరు మారును. ఇంటిపేరు తరచుగా జారిపోవును. ఇంటిపేరు పోయినచో మన దేశమున వంశమే పోయినట్లు. కనుక బిడ్డ పేరునుగాక ఊరును, తండ్రి పేరును, చేరిన తేదీని పట్టుకొనవలెనని మా అభిప్రాయము. వయస్సును నమ్మరాదు, అది పలుమారు కంటితో చూచి వేసిన అంచనాయే.

జిల్లా మరియొక చిక్కు. అనంతపురము జిల్లా 1882లో బళ్లారినుండి విడివడినది. ధాతకరువున (1876-77) దిక్కులేనివాడైన తాడిపత్రి బాలుడు బళ్లారి జిల్లావాడు; 1910కి పూర్వము కదిరి బిడ్డ కడప జిల్లావాడు. ఇది మరచినచో ఒకే వంశమును రెండుగా ఎంచు ప్రమాదము కలదు.

గుత్తి, కడప, జమ్మలమడుగులందలి లండన్ మిషను వారి ఉత్తరములు, నివేదికలు నేడు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాసంస్థ గ్రంథాలయమున నున్నవి. అవి లెక్కలు చెప్పునంతగా పేర్లు చెప్పవు. పేర్లకై స్థానిక సంఘముల జ్ఞానస్నాన, వివాహ పట్టికలనే తెరువవలెను. వివాహపట్టికలో సాక్షులుగా నిలిచినవారిని మేము విశేషముగా చూతుము. మేనమామ యొకడు అక్కడ దొరకవచ్చును.