34 కేబీల మూట

బెంగళూరు పాత పేటల పేర్లు వింటే అక్కడ ఏం అమ్మేవారో ఇట్టే తెలిసిపోతుంది. అక్కిపేటలో బియ్యం, బళెపేటలో గాజులు, కాటన్‌పేటలో పత్తి. దూదిని దూదిగానే బండికెత్తితే మోసేది గాలినే. అదిమి బేలు కడితేనే కిరాయి గిట్టుబాటు. పేటల పక్కనే ఎస్పీ రోడ్డు కంప్యూటర్ల బజారుగా మారాక, సాఫ్ట్‌వేర్‌కూ అదే లెక్క వచ్చిపడింది.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. తర్వాత వచ్చిన 56 కేబీపీఎస్ మోడెంతో కూడా 10 ఎంబీల ఫైలు దిగాలంటే దాదాపు అరగంట పట్టేది. మధ్యలో ఇంట్లో ఎవరైనా ఫోను ఎత్తితే కథ మళ్లీ మొదటికే. అందుకే సాఫ్ట్‌వేర్ సీడీల మీద తిరిగింది. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక తన సంచికతో పాటు లినక్స్ సీడీని పాఠకుల చేతికిచ్చింది. ఆ పని వెనకున్న బెంగళూరువాసి అతుల్ చిట్నిస్, 2001లో ఇదే ఊళ్లో లినక్స్ బెంగళూరు సమావేశాలకు ఊపిరి పోశారు.

మూట తేలిక చేయడంలో పేరెన్నికగన్న పనివాడు జస్టిన్ ఫ్రాంకెల్. విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్‌ను పంచడానికి ఆయన తయారుచేసిన ఇన్‌స్టాలర్ సాధనం ఎన్ఎస్ఐఎస్, అసలు ప్రోగ్రాముకు అదనంగా వేసే బరువు దాదాపు 34 కేబీలే. ఒక ఫ్లాపీలో అలాంటివి నలభై పడతాయి! కానీ ఆ మూట విండోస్‌లోనే విప్పుకుంటుంది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో డెబ్ ప్యాకేజీ చిన్నగా ఉంటుంది, ఎందుకంటే కావలసిన లైబ్రరీలను అది మోసుకురాదు, సిస్టమ్ నుంచే తీసుకుంటుంది. జావాలో రాసిన ఇజ్‌ప్యాక్ అనే ఇన్‌స్టాలర్ సాధనం అన్ని సిస్టమ్‌ల మీదా నడుస్తుంది, కాకపోతే ముందు జావా ఉండాలి. బరువు పోలేదు, వాడేవాడి భుజం మీదికి మారింది.

ఈ సంగతి తెలుగువాళ్లకు బాగా అనుభవమే. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది; అయినా తెరమీద అక్షరాలు విడివిడిగా చెదిరిపోయేవి. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, భాషల ట్యాబ్‌లో సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ అడిగేది. సీడీ దొరికి, ఫైళ్లు ఎక్కి, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాకే ఒత్తులు అక్షరాల కిందికి చేరేవి. పల్లెటూరి నెట్ సెంటర్లో ఆ సీడీ ఎవరిదగ్గరుంటుంది?

కన్నడం కోసం శేషాద్రివాసు చంద్రశేఖరన్ 1998లో తెచ్చిన బరహ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ తర్వాత తెలుగునూ కలుపుకుంది. చాలామంది తొలిసారి కంప్యూటర్లో తెలుగు రాసింది దాంతోనే. అదీ విండోస్‌దే. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం 2005లో వేరే దారి పట్టి, తెలుగు లినక్స్‌ను లైవ్ సీడీగా ఇచ్చింది. డిస్కు పెట్టి మెషీన్ ఆన్ చేస్తే చాలు, మెనూలు తెలుగులో వచ్చేవి. ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు. డిస్కు తీసేస్తే పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉండేది.