సమాజనిధి వితరణ సంఘములు

దాతలు సమర్పించిన ధర్మనిధినుండి ఏ కార్యమునకు ఎంత ధనము కేటాయింపవలెనో నిర్ణయించుటకై, వేతనమాశింపక తమ కాలమును వెచ్చించు పౌరుల సంఘములకు ఈ పేరు చెల్లును. ఇచ్చువాడొకడు, భద్రపఱచువాడొకడు, వినియోగమును నిర్ణయించువాడు వేఱొకడు అను విభాగమే వీని ప్రత్యేకత.

1887లో అమెరికాలోని డెన్వరు నగరమున ఫ్రాన్సెస్ వైజ్‌బార్ట్ జేకబ్స్ అను యూదు మహిళయు, కొందఱు క్రైస్తవ మతాచార్యులును కలసి, ధర్మసంస్థలు వేర్వేఱుగ ఇంటింటికి తిరిగి చందాలడుగుట మాని, ఒక్కమాఱే వసూలుచేసి పంచుకొనునట్లు ఏర్పాటు గావించిరి. మఱుసటి యేట 21,700 డాలర్లు పోగయ్యెను. పోగుచేయుటకంటె పంచుటయే కష్టతరము. క్లీవ్‌లాండు నగరపు వర్తక మండలి 1900లో ఒక ఉపసంఘమును నియమించి, చందా కోరు సంస్థల లెక్కలను, పనితీరును విచారించి, యోగ్యమైనవానికే ఆమోదము తెలుపసాగెను. 1913లో అచ్చటనే ఏర్పడిన ధర్మసంస్థల సమాఖ్య కేటాయింపునకు గూడ ఒక క్రమమును కల్పించి, తరువాత కమ్యూనిటీ చెస్టులని పేరొందిన నగరనిధులకు మార్గదర్శి యయ్యెను.

ఈ చరిత్రలో మిక్కిలి ఆలోచనీయమైన ఘట్టము 1914 జనవరి 2న క్లీవ్‌లాండు ఫౌండేషను స్థాపన. దాని కర్త ఫ్రెడరిక్ గాఫ్ న్యాయవాదియై, పిమ్మట క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అను బ్యాంకునకు అధ్యక్షుడైన వాడగుటచే, చనిపోయినవారి వీలునామాలు బ్రదికియున్నవారి అవసరములకు అడ్డుపడుటను చక్కగా నెఱుగును. ఉదాహరణకు, సెయింట్ లూయీ నగరమునకు మేయరుగా నుండిన బ్రయన్ మలన్ఫీ 1851లో మరణించుచు, పశ్చిమమున కాపురము పెట్టబోవు బీద బాటసారులకై తన ఆస్తిలో మూడవ వంతు విడిచిపోయెను. రైలుమార్గములు పడి, ఎడ్లబండ్ల బాటలు మూతపడిన పిమ్మట ఆ నిధికి పాత్రులే అరుదైరి. ఇట్టి దురవస్థ తప్పించుటకు గాఫ్ చేసిన ఏర్పాటు సరళమైనది: మూలధనమును కాపాడు భారము బ్యాంకుది, దానిపై వచ్చు ఆదాయమును ఆయా కాలపు అవసరములనుబట్టి పంచు అధికారము ఐదుగురు పౌరులది. వారిలో ఇద్దఱిని బ్యాంకు డైరెక్టర్లును, ఒకరిని మేయరును, తక్కిన ఇద్దఱిని న్యాయాధిపతులును నియమించుచుండిరి. ఏ యొక మతశాఖవారును ఇద్దఱికి మించరాదని నాటి నియమము. రాజకీయ పదవులలో నున్నవారును, వానిని కోరువారును అనర్హులుగా నుండిరి. తొలి సంవత్సరములలో ఆ సంస్థ నగర పాఠశాలల స్థితిని విద్యా పరిశోధకుడగు లెనర్డ్ ఎయర్స్ చేతను, నేరవిచారణ పద్ధతిని న్యాయశాస్త్రజ్ఞులగు రాస్కో పౌండ్, ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ల చేతను పరిశోధింపజేసెను. ఇచ్చుటకు ముందు తెలిసికొనగోరిన ఆ వివేకము, ఇచ్చిన ధనముకంటె విలువైనదని చెప్పవచ్చును.

ఈ పద్ధతి 1921లో కెనడాకు ప్రాకెను. విన్నిపెగ్ ఫౌండేషనుకు విలియం ఆలొవే అను బ్యాంకరు లక్ష డాలర్లతో అంకురార్పణ చేయగా, 1924లో పేరు తెలుపని యొక స్త్రీ మూడు బంగారు నాణెములను, అనగా 15 డాలర్లను, పంపెను. రెండును ఒకే నిధిలో చేరి, ఒకే సంఘపు విచక్షణకు లోబడినవి.

చందాలతో నడచు నగరనిధులలో స్వచ్ఛందసేవకుల శ్రమ మఱింత ప్రత్యక్షము. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వ్యాపారులు, గృహిణులు చిన్న బృందములుగా కూర్చుండి, దరఖాస్తులను చదివి, ఆడిటయిన లెక్కలను సరిచూచి, అనాథాశ్రమమునకో వృద్ధుల భోజనశాలకో స్వయముగా వెళ్లి, గత సంవత్సరపు సొమ్ము ఎవరికి చేరినదని ప్రశ్నింతురు. తనకు సంబంధించిన సంస్థ ప్రస్తావన వచ్చినపుడు సభ్యుడు నిర్ణయములో పాలుగొనక తప్పుకొనుట మర్యాద.

ఈ నగరనిధుల జాతీయ సంస్థ 1970లో యునైటెడ్ వే అను పేరు వహించినది. 1992లో జాతీయ సంస్థాధ్యక్షుడు విలియం అరమొనీ నిధుల దుర్వినియోగారోపణలపై రాజీనామా చేసి, 1995లో శిక్షితుడగుటచే దాతల విశ్వాసము సడలెను. తప్పు జరిగినది జాతీయ కార్యాలయమున. దాని ఫలమనుభవించినవి మాత్రము ఊరూర నిష్ఠతో పనిచేసిన బృందములు.

తొలినాటి సంఘములలో బ్యాంకులు, న్యాయస్థానములు ఎన్నుకొనిన గణ్యులకే గాని, సాయము పొందు బీదలకు చోటు లేకుండుట గొప్ప లోపము. 1983లో అమెరికా ప్రభుత్వము అత్యవసరాహార, ఆశ్రయ నిధులను స్థానిక మండలుల ద్వారా పంచసాగెను. ఇందు ధనము ప్రభుత్వముదే యైనను, ఏ భోజనశాలకు, ఏ ఆశ్రయగృహమునకు ఎంత ఈయవలెనో నిర్ణయించువారు ప్రధానముగా ధర్మసంస్థల స్థానిక ప్రతినిధులు. పై లోపము కొంత తీరునట్లుగా, ఆ మండలులలో ఇల్లు లేని వ్యక్తికిగాని, పూర్వము ఇల్లు లేక బాధపడిన వ్యక్తికిగాని స్థానముండవలెనను నిబంధన తరువాత చేరినది.