రామ్‌దాస్ కటారి

అడ్మిరల్ రామ్‌దాస్ కటారి (అక్టోబర్ 8, 1911 - జనవరి 21, 1983) భారత నౌకాదళానికి అధిపతి అయిన మొట్టమొదటి భారతీయుడు. ఈయన 1958, ఏప్రిల్ 22న బ్రిటిషు అధికారి వైస్ అడ్మిరల్ సర్ స్టీఫెన్ కార్లిల్ నుండి బాధ్యతలు స్వీకరించి, 1962, జూన్ 4 వరకు ఆ పదవిలో కొనసాగాడు. అంతకుముందు 1956లో భారత నౌకా సముదాయానికి నాయకత్వం వహించిన తొలి భారతీయుడు కూడా ఈయనే. సముద్రతీరం లేని హైదరాబాదు రాజ్యంలో చదువుకొని, వాణిజ్య నౌకల శిక్షణ ద్వారా సముద్రయానంలో ప్రవేశించి, రిజర్వు అధికారిగా బ్రిటిషు సామ్రాజ్య కాలపు రాయల్ ఇండియన్ నేవీలో చేరి, స్వతంత్ర భారతదేశంలో ఆ దళపు అత్యున్నత పదవిని అందుకున్నాడు. పదవీ విరమణ తరువాత బర్మాలో భారత రాయబారిగాను, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అధ్యక్షుడిగాను పనిచేశాడు.

బాల్యం, విద్యాభ్యాసం

కటారి నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చెంగల్పట్టులో జన్మించాడు. పాఠశాల విద్య సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాల ఉన్నత పాఠశాలలో సాగింది. 1862లో స్థాపించబడిన ఈ విద్యాసంస్థ జంటనగరాల్లోని అతి పురాతన విద్యాలయాల్లో ఒకటి. 1893 ఫిబ్రవరిలో స్వామి వివేకానందుడు ఇక్కడే ప్రసంగించాడు.

ఆనాటి హైదరాబాదు రాజ్యానికి ఓడరేవు లేదు. కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారులు 18వ శతాబ్దంలోనే నిజాము చేతి నుండి ఆంగ్లేయుల వశమయ్యాయి. అందువల్ల సముద్రంపై ఉద్యోగమన్నది నగరంలోని విద్యార్థులకు సుపరిచితమైన మార్గం కాదు.

ఆనాటి నౌకాదళంలో భారతీయుల స్థానం

కటారి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి పరిస్థితి తెలియాలి. ఆంగ్లేయుల పాలనలో భారతదేశపు నౌకాదళాన్ని రాయల్ ఇండియన్ మెరైన్ అని పిలిచేవారు. ఈ ఓడలపై నావికులుగా, బొగ్గు వేసేవారుగా, వంటవారుగా భారతీయులే అధికంగా ఉండేవారు. కానీ అధికారి హోదా మాత్రం చాలాకాలం ఆంగ్లేయులకే పరిమితమైంది. 1928, జనవరి 6న ఇంజనీరింగ్ శాఖలో సబ్ లెఫ్టినెంట్‌గా నియమితుడైన డి.ఎన్.ముఖర్జీ ఈ దళంలో తొలి భారతీయ అధికారి. 1934, అక్టోబర్ 2న ఈ దళం రాయల్ ఇండియన్ నేవీగా మారింది. ఆ తరువాత కూడా ఏటా అధికారులుగా ఎంపికైన భారతీయుల సంఖ్య వేళ్ళపై లెక్కించదగినంతే.

వాణిజ్య నౌకల్లోనూ పరిస్థితి ఇలాగే ఉండేది. కంపెనీలు ఎక్కువగా ఆంగ్లేయులవి, వాటి అధికారులూ వారే. ఈ వివక్షపై శాసనసభలో ప్రశ్నలు రాగా, 1920లలో ప్రభుత్వం నియమించిన భారత వాణిజ్య నౌకల సంఘం భారతీయ యువకుల కోసం ఒక శిక్షణ నౌకను ఏర్పాటు చేయాలని సిఫార్సు చేసింది. ఫలితంగా రాయల్ ఇండియన్ మెరైన్‌కు చెందిన డఫరిన్ అనే పాత సైనిక రవాణా నౌకను బొంబాయి రేవులో లంగరు వేసి, 1927లో శిక్షణ కేంద్రంగా మార్చారు.

డఫరిన్ నౌకపై శిక్షణ

ఈ నౌకలో చేరిన మొట్టమొదటి జట్టు విద్యార్థుల్లో కటారి ఒకడు. అప్పటికి ఆయన వయసు 16 సంవత్సరాలు. డఫరిన్‌పై నౌకాయాన గణితం, నక్షత్రాలను బట్టి ఓడ ఉన్న స్థానాన్ని గుర్తించడం, సంకేతాలు, తాళ్ళ పని, పడవలు నడపడం వంటివి నేర్పేవారు. విద్యార్థులు ఓడపైనే నివసించేవారు.

డఫరిన్ స్థాపించినది వాణిజ్య నౌకలకు అధికారులను తయారుచేయడానికే. అయితే అక్కడ తయారైన యువకుల్లో కొందరు తరువాత నౌకాదళంలో చేరి ఉన్నత పదవులకు చేరుకున్నారు. 1972లో ఈ నౌక స్థానంలో రాజేంద్ర అనే కొత్త శిక్షణ నౌక వచ్చింది.

హుగ్లీ నది సర్వే

శిక్షణ అనంతరం కటారి కలకత్తా పోర్టు కమిషనర్ల అధీనంలోని హుగ్లీ నది సర్వే విభాగంలో పనిచేశాడు. కలకత్తా సముద్రానికి చాలా దూరంలో, నది ఒడ్డున ఉన్న రేవు. హుగ్లీలో ఇసుక మేటలు తరచు చోటు మారుతుంటాయి. నిన్న లోతుగా ఉన్న దారి కొద్దికాలానికే ఓడ అడుగు నేలకు తాకేంతగా పూడిపోవచ్చు. నది లోతును ఎప్పటికప్పుడు కొలిచి, పటాలను సరిచేస్తూ, ఓడలకు సురక్షిత మార్గం చూపడం సర్వే విభాగపు పని. ఓపిక, కచ్చితత్వం అవసరమైన ఈ పని యుద్ధనౌకల వాతావరణానికి దూరమైనదే అయినా, సముద్రపటాలపై పట్టు సాధించడానికి ఇది మంచి పాఠశాల.

రెండవ ప్రపంచ యుద్ధం

1939లో యుద్ధం మొదలైనప్పుడు రాయల్ ఇండియన్ నేవీ వద్ద ఉన్న యుద్ధనౌకలు ఎనిమిది మాత్రమే. తీరరక్షణ, సముద్రమార్గాల్లో సరుకు నౌకలకు కాపలా, మందుపాతరలను తొలగించడం వంటి పనులకు అధికారులు అత్యవసరమయ్యారు. దానితో రెండు ద్వారాలు తెరుచుకున్నాయి. నౌకాయానం వృత్తిగా గలవారిని రాయల్ ఇండియన్ నేవల్ రిజర్వులోకి, ఇతర వృత్తులవారిని వాలంటీర్ రిజర్వులోకి తీసుకున్నారు. కటారి మొదటి కోవకు చెందినవాడు. రిజర్వు అధికారిగా చేరిన ఆయన తరువాత శాశ్వత సిబ్బందిలోకి మారాడు.

1945 నాటికి ఈ దళం వందకు పైగా నౌకలతో, దాదాపు 30,000 మంది సిబ్బందితో విస్తరించింది. అయినా ఉన్నతాధికారుల్లో ఆంగ్లేయులదే ఆధిక్యం. జీతభత్యాల్లో తేడాలు, నాసిరకం తిండి, అధికారుల దుర్భాషలు నావికుల్లో అసంతృప్తిని పెంచాయి. 1946, ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ శిక్షణ కేంద్రంలో మొదలైన నావికుల తిరుగుబాటు కరాచీ, మద్రాసు, విశాఖపట్నం వంటి ఇతర రేవులకూ పాకింది.

దేశవిభజన, కొత్త నౌకాదళం

1947లో దేశంతో పాటు నౌకాదళం కూడా విడిపోయింది. భారతదేశానికి సుమారు మూడింట రెండు వంతుల నౌకలు లభించాయి. తెలుగు నేలపై ప్రవహించే రెండు ప్రధాన నదుల పేర్లు గల స్లూప్ తరగతి యుద్ధనౌకలు రెండూ చెరొక దేశానికి వెళ్ళాయి. కృష్ణా నది పేరిట ఉన్న 'కిస్ట్నా' భారతదేశానికి రాగా, 'గోదావరి' పాకిస్తాన్‌కు వెళ్ళింది.

అసలే తక్కువగా ఉన్న అనుభవజ్ఞులైన స్వదేశీ అధికారులు కూడా ఇరుదేశాల మధ్య విడిపోయారు. పాకిస్తాన్‌కు వెళ్ళిన హెచ్.ఎం.ఎస్.చౌధురి 1953లో అక్కడి నౌకాదళానికి తొలి స్వదేశీ సేనాపతి అయ్యాడు. భారతదేశంలో మాత్రం హాల్, ప్యారీ, పైజీ, కార్లిల్ అనే నలుగురు బ్రిటిషు అధికారులు ఒకరి తరువాత ఒకరు నౌకాదళాన్ని నడిపించారు.

ఈ ఆలస్యం ఇతర దళాలతో పోల్చినపుడు స్పష్టంగా కనిపిస్తుంది. 1949, జనవరి 15న జనరల్ కరియప్ప సైన్యాధిపతి అయ్యాడు. 1954, ఏప్రిల్ 1న సుబ్రతో ముఖర్జీ వైమానిక దళాధిపతి అయ్యాడు. నౌకాదళానికి మరో నాలుగేళ్ళు పట్టింది. భారతీయులకు అధికారి హోదా ఆలస్యంగా, కొద్దిమందికే దక్కడం ఇందుకు ముఖ్య కారణం. యుద్ధనౌకల సముదాయాన్ని నడిపే అనుభవం ఏళ్ళ తరబడి ఓడలపై ఉంటేనే వస్తుంది. 1928 వరకు తలుపులు మూసి ఉంచిన ఫలితాన్ని 1950లలో స్వతంత్ర దేశం భరించవలసి వచ్చింది. కొత్తగా కొన్న పెద్ద నౌకలన్నీ బ్రిటన్ నుండే రావడం, వాటిపై శిక్షణ కూడా అక్కడే జరగడం మరొక కారణం.

నౌకా సముదాయ నాయకత్వం

1948లో బ్రిటన్ నుండి కొన్న 'ఢిల్లీ' క్రూయిజరు స్వతంత్ర భారతదేశపు తొలి ప్రధాన యుద్ధనౌక. 1939లో రివర్ ప్లేట్ వద్ద జర్మను నౌకతో జరిగిన యుద్ధంలో ఇది 'అకిలీస్' అనే పేరుతో పాల్గొంది. 1950, జనవరి 26న దేశం గణతంత్రం కావడంతో దళం పేరులో నుండి 'రాయల్' అనే పదం తొలగిపోయింది. 1955లో సేనాపతి హోదాను నౌకాదళాధిపతిగా మార్చారు.

రియర్ అడ్మిరల్ హోదాలో కటారి 1956, అక్టోబర్ 2న భారత నౌకా సముదాయ బాధ్యతలు స్వీకరించాడు. సముద్రంపై దేశపు యుద్ధనౌకలన్నీ ఒక భారతీయుని ఆజ్ఞపై నడవడం అదే మొదటిసారి. 1957 ఆగస్టులో మరో క్రూయిజరు 'మైసూరు' సముదాయంలో చేరింది.

నౌకాదళాధిపతిగా

1958, ఏప్రిల్ 22న వైస్ అడ్మిరల్ హోదాలో కటారి నౌకాదళాధిపతి అయ్యాడు. ఈయన పదవీకాలంలో దళం వేగంగా విస్తరించింది. బ్రిటన్‌లో నిర్మించిన బ్రహ్మపుత్ర, బియాస్, బెత్వా, తల్వార్, త్రిశూల్ వంటి కొత్త ఫ్రిగేట్లు ఈ కాలంలోనే వచ్చాయి.

విక్రాంత్: భారతదేశపు తొలి విమానవాహక నౌక విక్రాంత్ 1961, మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా నౌకాదళంలో చేరింది. అదే ఏడాది నవంబర్ 3న బొంబాయి చేరుకుంది. అసంపూర్తిగా నిలిచిపోయిన 'హెర్క్యులీస్' నౌకను 1957లో కొని, ఆధునికీకరించి దీనిని తయారుచేశారు.

స్వదేశీ నిర్మాణం: 1960లో ప్రభుత్వం బొంబాయిలోని మజగావ్ డాక్‌ను, కలకత్తాలోని గార్డెన్ రీచ్ కర్మాగారాన్ని తన అధీనంలోకి తీసుకుంది. తరువాతి కాలంలో యుద్ధనౌకలను దేశంలోనే నిర్మించడానికి ఈ రెండూ పునాది అయ్యాయి. మజగావ్ డాక్‌లో నిర్మించిన 'నీలగిరి' 1972లో నౌకాదళంలో చేరింది. విశాఖపట్నంలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో తయారైన 'దర్శక్' అనే సర్వే నౌక 1964లో చేరింది.

గోవా విముక్తి: 1961 డిసెంబరులో జరిగిన ఆపరేషన్ విజయ్ స్వతంత్ర భారత నౌకాదళపు తొలి ప్రధాన పోరాటం. డిసెంబర్ 18న మార్మగోవా రేవులో బెత్వా, బియాస్ నౌకలు పోర్చుగీసు యుద్ధనౌక 'అఫోన్సో డి అల్బుకర్క్'ను ఎదుర్కొని నిర్వీర్యం చేశాయి. 'ఢిల్లీ' డయ్యూ వద్ద పాల్గొంది. మైసూరు, త్రిశూల్ నౌకల నుండి దిగిన నావికులు అంజదీవ్ ద్వీపాన్ని స్వాధీనం చేసుకున్నారు. అంజదీవ్‌లో ఏడుగురు భారత నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఈ చర్యలో నౌకా సముదాయానికి రియర్ అడ్మిరల్ భాస్కర్ సదాశివ్ సోమన్ నాయకత్వం వహించాడు. 1962, జూన్ 4న కటారి తరువాత నౌకాదళాధిపతి అయినది ఈయనే.

పదవీ విరమణ అనంతరం

1960ల మధ్యకాలంలో కటారి బర్మాలో భారత రాయబారిగా పనిచేశాడు. ఇది తెలుగువారికి కూడా ముఖ్యమైన కాలం. కాకినాడ, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి తరతరాలుగా కూలిపనికి రంగూన్ వెళ్ళిన తెలుగువారు అక్కడ పెద్దసంఖ్యలో ఉండేవారు. 1962లో జనరల్ నె విన్ అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలను జాతీయం చేసి, పెద్ద నోట్లను రద్దు చేశాడు. ఆస్తులు, జీవనోపాధి కోల్పోయిన లక్షలాది భారతీయులు స్వదేశానికి తిరిగివచ్చారు. వీరిలో కొందరు విశాఖపట్నంలో స్థిరపడ్డారు.

కటారి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడిగా కూడా వ్యవహరించాడు. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా వ్యవస్థకు వారసత్వంగా ఈ సంస్థ 1958, జనవరి 11న ఏర్పడింది. ఆ రోజుల్లో హైదరాబాదులో సంస్థకు కేంద్ర బస్సు స్టేషను ఉస్మాన్‌గంజ్, అఫ్జల్‌గంజ్‌ల సమీపంలోని గౌలిగూడలో ఉండేది.

ఆయన ఆత్మకథ 'ఏ సైలర్ రిమెంబర్స్' 1982లో వెలువడింది. మరుసటి సంవత్సరం, 1983, జనవరి 21న, తాను చదువుకున్న సికింద్రాబాదులోనే మరణించాడు.

ముఖ్య ఘట్టాలు

1911: చెంగల్పట్టులో జననం.
1927: డఫరిన్ శిక్షణ నౌకలో తొలి జట్టు విద్యార్థిగా ప్రవేశం.
1956: నౌకా సముదాయానికి తొలి భారతీయ నాయకుడు.
1958: తొలి భారతీయ నౌకాదళాధిపతి.
1961: విక్రాంత్ రాక, గోవా విముక్తి.
1962: పదవీ విరమణ.
1982: ఆత్మకథ ప్రచురణ.
1983: సికింద్రాబాదులో మరణం.

ప్రాముఖ్యత

కటారి పేరు ప్రధానంగా 'తొలి భారతీయుడు' అనే విశేషణంతోనే గుర్తుండిపోయింది. కానీ ఆయన నడిచిన దారి కూడా గమనింపదగినది. చదువు పూర్తయ్యేనాటికి యుద్ధనౌకపై అధికారి కావడానికి ఆ తరం భారతీయ యువకులకు నేరుగా దారి లేదు. వాణిజ్య నౌకల శిక్షణ, నది సర్వే, రిజర్వు ఉద్యోగం అనే పక్కదారుల గుండా ఆయన నౌకాదళంలోకి వచ్చాడు. పరాయి పాలకులు తమ అవసరం కోసం తెరిచిన ద్వారం గుండా ప్రవేశించి, ఆ దళాన్ని స్వతంత్ర దేశపు దళంగా నిలబెట్టే బాధ్యత వహించిన తరానికి కటారి ప్రతినిధి.

ఆయన కాలంలో నౌకాదళం నౌకల కోసం బ్రిటన్‌పైనే ఆధారపడింది. 1960ల మధ్య నుండి సోవియట్ యూనియన్ నౌకలు రావడం మొదలైంది. భారతదేశపు తొలి జలాంతర్గామి 'కల్వరి' 1967 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. 1968లో విశాఖపట్నం కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. కటారి తరం బొంబాయి కేంద్రంగా రూపొందించిన నౌకాదళంలో, తెలుగు తీరం కూడా ఆ విధంగా ప్రధాన స్థావరమైంది.