పాత కుటుంబ ఫోటోల డిజిటల్ పునరుద్ధరణ

వెలిసిపోయిన, రంగు మారిన ఫోటోను స్కాన్ చేసి, పోయిన వివరాలను కంప్యూటర్‌లో వీలైనంత మేరకు రాబట్టడాన్ని డిజిటల్ పునరుద్ధరణ అంటారు. ఊరూరా జరిగే పనే అయినా, పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. కృష్ణానదిపై 2013 డిసెంబరులో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు జలాశయంలో ఈ మండలపు ఊళ్ళు కొన్ని మునిగాయి. వజ్రాల గనులతో పేరుకెక్కిన కొల్లూరు వాటిలో ఒకటి. వదిలి వచ్చిన ఇంటి అరుగును, వాకిలిని మళ్ళీ చూడాలంటే అక్కడివారికి పాత ఫోటోలే దిక్కు.

తెలుగునాట తొలితరం ఛాయాగ్రాహకుల్లో పెద్దపేరు రాజా దీనదయాళ్ (1844–1905). సికిందరాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. పల్లె కుటుంబాలకు ఆ భాగ్యం లేదు. నెగటివ్ స్టూడియోలోనే ఉండిపోయేది, ఇంటికి వచ్చేది ప్రింటు మాత్రమే.

కంప్యూటర్లు రాకముందూ ఫోటోలను బాగుచేసేవారు. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముడతలు, మచ్చలు కప్పడాన్ని స్టూడియోల్లో టచింగ్ అనేవారు. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, విడి ఫోటో లేనప్పుడు ఏదో గ్రూప్ ఫోటో తెచ్చి, అందులోని ముఖాన్ని ఎన్‌లార్జ్ చేయించి పటం కట్టించేవారు. చాలామంది తాతమ్మల ఏకైక ముఖచిత్రం అలా పుట్టిందే.

నలుపు తెలుపు ప్రింటులో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. సరిగా కడగక మిగిలిన హైపో అనే రసాయనం, గాలిలోని చెమ్మ దాన్ని పసుపుపచ్చగా మారుస్తాయి. కలర్ ప్రింటు కథ వేరు. అందులో ఉండేవి నీలి, గులాబి, పసుపు రంగు అద్దకాలు. 1970ల నాటి చాలా ప్రింట్లలో నీలి అద్దకం చీకట్లో ఉన్నా ముందుగా వెలిసిపోయింది. పెట్టెలో దాచిన పెళ్ళి ఆల్బమ్ ఎర్రబారడానికి కారణం అదే. వేడి ఈ క్షయాన్ని వేగపరుస్తుంది. వేసవిలో రెంటచింతల ఉష్ణోగ్రత పత్రికలకెక్కే పల్నాటిలో రేకుల కప్పు కింది బీరువా ఫోటోలకు మంచి చోటు కాదు.

1990లో అడోబ్ సంస్థ ఫోటోషాప్ విడుదల చేశాక ఈ విద్య చీకటిగది నుంచి బయటపడింది. స్కాన్ చేసిన బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానళ్ళుగా విడిపోతుంది. ఎర్రబారిన ప్రింటులో, వెలిసిపోయిన నీలి అద్దకం నమోదయ్యే ఎరుపు చానల్ పాలిపోయి ఉంటుంది. దాని వెలుగునీడలను సాగదీస్తే చీర రంగు, చెట్టు పచ్చదనం చాలావరకు తిరిగొస్తాయి. నలుపు తెలుపు ఫోటో మీద పడిన పసుపు మరక ఎరుపు చానల్లో దాదాపు కనిపించదు, పనివాడు ఆ చానల్‌నే ఆధారం చేసుకుంటాడు. చిరుగులకు, మడతలకు 2002లో వచ్చిన హీలింగ్ బ్రష్ పెద్ద సాయమైంది. బొమ్మ పూర్తిగా లేచిపోయిన చోట మాత్రం ఏ పనిముట్టూ పాత వివరాన్ని తేలేదు.

తెలుగువారికి ఈ సాంకేతికతను వెండితెర మీద చూపింది 'మాయాబజార్'. 1957 నాటి ఆ నలుపు తెలుపు చిత్రాన్ని హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ శుభ్రపరిచి రంగులద్దగా, 2010 జనవరి 30న విడుదలైంది. అక్కడ రంగులు నిపుణుల ఎంపిక, అది ప్రేక్షకులకు తెలుసు. 2018లో డీఓల్డిఫై, 2021లో జీఎఫ్‌పీగాన్ వంటి కృత్రిమ మేధ పరికరాలు వచ్చాక ఆ ఎంపిక యంత్రానికి పోయింది. మసకబారిన ముఖంలో తనకు నేర్పిన వేలాది ముఖాల పోలికల్ని అది కూరుస్తుంది. ఫలితం నునుపుగా ఉంటుంది. తాతగారి చెంప మీది పుట్టుమచ్చ మాత్రం మరకగా లెక్కకట్టి చెరిపేయవచ్చు, కోరమీసం దిద్దవచ్చు. ఇలాంటి ముఖాన్ని పునరుద్ధరణ అనడం కన్నా ఊహాచిత్రం అనడమే న్యాయం.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫోటోను కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి, ఏ మార్పూ చేయని ఆ ఫైలును విడిగా దాచాలి. బాగుచేశాక అసలు ప్రింటును పారేయకూడదు. పటంలో గాజుకు అంటుకుపోయిన ఫోటోను పీకకుండా గాజుతో సహా స్కాన్ చేయించండి.