ఇంటి బండిలో వార్ధక్యం: అమెరికా సంచార వృద్ధుల సాధక బాధకాలు

మోటారు హోమ్ అనగా వంటగది, పడక, స్నానాల గది లోపలనే అమర్చుకొని ఇంజనుతో నడిచే ఇల్లు. అమెరికాలో ఇటువంటి బండ్లన్నింటినీ కలిపి రిక్రియేషనల్ వెహికిల్స్ అని, పొట్టిగా ఆర్.వి.లు అని వ్యవహరిస్తారు. ఉద్యోగ విరమణ పిమ్మట సొంత ఇంటిని అమ్మివేసి, ఏడాది పొడవునా ఈ బండిలోనే కాపురముండే దంపతులు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. ఇల్లు ఉంచుకొని, చలికాలం మాత్రం మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల నుండి ఎండ కాచే దక్షిణాదికి బండిలో దిగివచ్చే వారిని 'స్నోబర్డ్స్', అనగా మంచు పక్షులు అంటారు. ఆస్ట్రేలియాలో ఇదే తీరున తిరిగే వృద్ధులకు 'గ్రే నోమాడ్స్' అని పేరు.

మన సరిహద్దు జిల్లాల నుండి పిల్లల వద్దకు అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులు జాతీయ పార్కుల వద్ద ఈ బండ్లను చూసి, ఈ పెద్దవాళ్ళకు ఇల్లూ వాకిలీ లేవా అని విస్తుపోవడం కద్దు. పెట్రోలు ఖర్చే వారికి పెద్ద బాధ అయి ఉండునని కూడా అనుకుంటారు. ఖర్చు బాధ నిజమే గాని, అంతకన్న లోతైనవి రెండు ఉన్నాయి. కదిలే ఇంటికి చిరునామా ఏది? తిరిగే ఓపిక తగ్గిననాడు ఆగవలసిన చోటు ఏది? ఈ రెండింటికీ ముందుగానే జవాబు చూసుకున్న వారికి ఈ జీవితం ఎంతో సుఖం. చూసుకోని వారి కథలే కంట నీరు పెట్టించేవి.

పుట్టుక, పెరుగుదల

కారు వెనుక తగిలించి లాగే ట్రైలరు ఇండ్లు ముందు వచ్చాయి. వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1930వ దశకం నుండి వెండిలాగ మెరిసే అల్యూమినియం ట్రైలర్లను తయారుచేస్తున్నది. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో దేశమంతటా అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం ఊపందుకున్నది. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో, తన 58వ ఏట, చిన్న లారీ మీద గది కట్టించుకొని, దానికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరైన 'రోసినాంటె' అని పేరు పెట్టి, చార్లీ అను పెంపుడు కుక్కతో దేశం చుట్టి వచ్చాడు. ఆ ప్రయాణం మీద 1962లో వెలువడిన పుస్తకం చాలామందికి దారి మీద మోజు పుట్టించింది. అయోవా రాష్ట్రంలోని విన్నెబాగో సంస్థ 1966 నుండి మోటారు హోములను పెద్ద సంఖ్యలో తయారుచేసి, మధ్యతరగతి వారికి కొంత అందుబాటులోకి తెచ్చింది. 65 ఏళ్ళు నిండిన వారికి వైద్య బీమా కల్పించే మెడికేర్ చట్టం 1965లో వచ్చినది. రహదారి, పింఛను, వైద్యం, బండి నాలుగూ ఇంచుమించు ఒకే తరానికి సమకూరడం వలననే ఈ సంచార వార్ధక్యం సాధ్యమైనది.

బండ్లు, సంసారం

పెద్ద బస్సు వంటి దానిని 'ఏ' తరగతి అని, వ్యాను లోపల ఇమిడ్చిన దానిని 'బి' తరగతి అని, లారీ ముందు భాగం మీదికి పడక గది పొడుచుకు వచ్చినట్లుండే దానిని 'సి' తరగతి అని అంటారు. నలభై అడుగుల పొడవైన 'ఏ' తరగతి బండ్లు కూడా సాధారణమే. బరువు 26,000 పౌండ్లు, అనగా సుమారు 11,800 కిలోలు మించని బండిని నడపడానికి చాలా రాష్ట్రాలలో మామూలు కారు లైసెన్సు చాలును. జీవితమంతా చిన్న కారు నడిపిన మనిషి అరవై అయిదవ ఏట బస్సంత బండి చక్రం పట్టుకోవచ్చునన్న మాట. ఊరిలో తిరగడానికని చాలామంది ఒక చిన్న కారును నాలుగు చక్రాల మీద నడిచేటట్లే బండి వెనుక కట్టుకుంటారు. అలా కట్టినప్పుడు బండిని వెనుకకు నడపరాదు. ఇరుకు దారిలోకి పొరపాటున వెళ్ళితే దిగి కారును విడదీసి, బండిని మళ్ళించి, తిరిగి కట్టుకోవలసినదే. మోకాళ్ళ నొప్పులున్న వారికి, అందునా వానలో, ఇది చిన్న పని కాదు.

లోపలి సంసారమంతా నీటి లెక్క మీద నడుస్తుంది. బండి అడుగున మూడు తొట్లు ఉంటాయి: మంచి నీటికి ఒకటి, స్నానము, గిన్నెలు కడిగిన నీటికి రెండవది, మరుగుదొడ్డికి మూడవది. మూడవ దానిని 'బ్లాక్ ట్యాంకు' అంటారు. అది నిండకముందే అందుకు కేటాయించిన చోటికి వెళ్ళి, చేతి తొడుగులు వేసుకొని, లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చేయవలెను. ఈ పని ఎవరి వంతు అన్నదే సంచార దంపతుల మధ్య నిత్య తగవు అని అక్కడి వారు నవ్వుతూ చెప్పుకుంటారు. వంటకు, వేడికి ప్రొపేన్ గ్యాసు వాడతారు గనుక, విషవాయువును పసిగట్టి మ్రోగే పరికరం బండిలో తప్పనిసరి. ఇన్సులిన్ చల్లగా ఉంచుకోవలసిన వారు, రాత్రి శ్వాస యంత్రం పెట్టుకొని పడుకొనేవారు విద్యుత్తు లేని చోట ఆగే ముందు బ్యాటరీ లెక్క చూసుకోక తప్పదు.

ఇన్ని కష్టాలున్నా ఎందుకు తిరుగుతారు? ఆకాశం నచ్చినచోట ఆగవచ్చును. మనుమలున్న ఊరికి వెళ్ళి, వారి ఇంట్లో గది అడగకుండ, వాకిట బండి నిలుపుకొని పది రోజులుండి, మాట పడకముందే బయలుదేరవచ్చును. ఈ చివరి సౌఖ్యం ఎంతటిదో మన పెద్దలకు వివరించనక్కరలేదు.

ఖర్చు

పెద్ద మోటారు హోము గాలను పెట్రోలుకు 6 నుండి 10 మైళ్ళు మాత్రమే నడుస్తుంది. అనగా లీటరుకు రెండున్నర నుండి నాలుగు కిలోమీటర్లు. 2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గాలను 4 డాలర్లు దాటినప్పుడు ఎన్నో బండ్లు కదలక నిలిచిపోయాయి. మరుసటి ఏడాది ఫ్లీట్‌వుడ్, మొనాకో అను రెండు పెద్ద తయారీ సంస్థలు దివాలా తీశాయి. తరువాత కొవిడ్ కాలంలో గిరాకీ తిరిగి పెరిగి, 2021లో కర్మాగారాల నుండి వెళ్ళిన ఆర్.వి.లు ఆరు లక్షలకు చేరాయి. అలా కొన్నవారిలో కొందరు కొద్ది కాలానికే అమ్మజూపగా కొన్న ధర పలకలేదు. ఇల్లు కొంటే విలువ పెరిగే అవకాశమున్నది. బండి విలువ కొన్న రోజు నుండే తరుగుతుంది. ఇల్లు అమ్మిన డబ్బంతా బండి మీద పెట్టడం కన్న పెద్ద పొరపాటు ఈ విషయంలో లేదు.

పొదుపు మార్గాలు లేకపోలేదు. 62 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు జాతీయ పార్కుల ప్రవేశానికి జీవితకాలపు 'సీనియర్ పాసు' లభిస్తుంది. 2017 ఆగస్టు వరకు దాని వెల 10 డాలర్లు, ఆ తరువాత 80 డాలర్లు. ప్రభుత్వ శిబిర స్థలాలు కొన్నింటిలో ఈ పాసుతో అద్దె సగమే. కేంద్ర ప్రభుత్వపు బంజరు భూములలో చాలాచోట్ల 14 రోజుల వరకు ఉచితంగా ఆగవచ్చును. అరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు చేరువలో క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు ఉన్నది. వేసవిలో రెండు మూడు వేల జనం. దాని పక్క ఎడారిలో సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు రుసుము కట్టి నెలల తరబడి ఉండే వసతి ఉన్నందున, చలికాలంలో ఎడారి అంతా బండ్లతో నిండిపోతుంది.

పింఛను చాలని వారు పని వెతుక్కుంటారు. శిబిర స్థలాల కాపలా, ఉత్తర డకోటా ప్రాంతంలో చక్కెర దుంపల కోతకాలపు పని, గిడ్డంగులలో పండుగ రోజుల పని ఇటువంటివి. అమెజాన్ సంస్థ 2008 నుండి కొన్నేళ్ళపాటు సంచారులనే తీసుకొని నడిపిన పథకం ఇప్పుడు లేదు. జెస్సికా బ్రూడర్ 2017లో వెలువరించిన 'నొమాడ్‌లాండ్' ఈ వృద్ధ కూలీల గురించినదే. దాని ఆధారంగా క్లోయీ ఝావ్ తీసిన చిత్రం 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కారు పొందినది. అందులో కథ మొదలయ్యే ఎంపైర్ అను నెవాడా ఊరు నిజమైనదే. 2011లో అక్కడి జిప్సం కర్మాగారం మూతపడి, జనమంతా వెళ్ళిపోగా, ఆ ఊరి పిన్‌కోడును కూడా తపాలా శాఖ రద్దు చేసినది.

చిరునామా

బండికి రిజిస్ట్రేషను, మనిషికి లైసెన్సు, ఓటు, బ్యాంకు ఖాతా, బీమా అన్నిటికీ ఒక రాష్ట్రపు చిరునామా కావలెను. అందుచేత సంచారులు ఎక్కువగా టెక్సాస్, ఫ్లోరిడా, దక్షిణ డకోటా రాష్ట్రాలను తమ 'సొంత' రాష్ట్రాలుగా ఎంచుకుంటారు. ఈ మూడింటిలోను రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. దక్షిణ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు, ప్రమాణ పత్రం చూపితే లైసెన్సు ఇచ్చే పద్ధతి ఏర్పడినది. అయితే 2023లో ఓటు నమోదుకు 30 రోజుల నివాసం కావలెనని ఆ రాష్ట్రం నిబంధన తెచ్చినది. అనగా బండి తిరగడానికి అక్కరకు వచ్చిన చిరునామా ఆ నిబంధన ప్రకారం ఓటు వేయడానికి చాలలేదు.

వైద్యం దగ్గర చిక్కు మరింత పెద్దది. అసలు మెడికేర్ ఉన్నవారు దేశంలో ఎక్కడైనా, దానిని అంగీకరించే ఏ వైద్యుని వద్దకైనా వెళ్ళవచ్చును. అదనపు సౌకర్యాలు చూపి ప్రైవేటు సంస్థలు అమ్మే 'మెడికేర్ అడ్వాంటేజ్' పథకాలు చాలావరకు ఒక ప్రాంతానికి, కొందరు వైద్యులకు పరిమితం. అత్యవసర చికిత్స ఎక్కడైనా లభించును గాని, ప్రతి మూడు నెలలకు చూపించుకునే గుండె జబ్బు అత్యవసరం కింద రాదు. పథకం ప్రాంతం వదలి ఆరు నెలలకు పైగా తిరిగితే సభ్యత్వమే పోవచ్చును. కంతు తక్కువని అడ్వాంటేజ్ తీసుకున్న సంచారికి తెలియవలసిన మొదటి సంగతి ఇది. ఇక పళ్ళ చికిత్సకు అసలు మెడికేరులో సాధారణంగా చోటు లేదు. యూమా పరిసరాలలో చలికాలం గడిపేవారు కారును అమెరికా వైపున నిలిపి, కాలినడకన సరిహద్దు దాటి, మెక్సికోలోని లాస్ అల్గొదోనెస్ ఊరిలో చవకగా పళ్ళు కట్టించుకొని సాయంత్రానికి తిరిగి వస్తారు. రాయగడ నుండి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళే కుటుంబాలకు, వైద్యం ఒకచోట, కార్డు మరొకచోట ఉండడమంటే ఏమిటో తెలిసినదే.

ఆగవలసిన చోటు

సాధారణంగా ఇద్దరిలో ఒకరే బండి నడుపుతారు. ఆ ఒక్కరికి పక్షవాతమో, చూపు మందగించడమో సంభవిస్తే రెండవవారు తెలియని ఊరిలో, ఇల్లైన బండితో సహా చిక్కుకుపోతారు. అందుచేత బయలుదేరిన ఏడాదిలోనే ఇద్దరూ బండి నడపడం, గొట్టాలు తగిలించడం నేర్చుకోవలెనని అనుభవజ్ఞులు పట్టుబడతారు. జో, కే పీటర్సన్ దంపతులు 1978లో స్థాపించిన 'ఎస్కేపీస్' అను సంచారుల సంఘం ఈ బాధను బాగా ఎరిగినది. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో దాని కేంద్రం ఉన్నది. సభ్యుల ఉత్తరాలను అక్కడ స్వీకరించి, వారు ఎక్కడ ఉంటే అక్కడికి పంపుతారు. అక్కడనే 'కేర్' అను సేవా కేంద్రం నడుస్తున్నది. తిరగలేని సభ్యులు తమ బండిని ఆ ఆవరణలో నిలుపుకొని, తమ పడక మీదనే పడుకుంటూ, కేంద్రంలో భోజనం చేస్తూ, వైద్యుని వద్దకు కేంద్రం వారి వాహనంలో వెళ్ళుతూ ఉండవచ్చును. ఇల్లు మారదు, చక్రాలు మాత్రం ఆగిపోతాయి. వృద్ధాశ్రమం అను మాటకే భయపడేవారికి ఇది ఎంతో మేలైన ఏర్పాటు.

మిషిగన్ రాష్ట్రపు నార్మా బవర్‌ష్మిట్ ఉదంతం ఇక్కడ చెప్పుకోదగినది. 2015లో భర్తను కోల్పోయిన రోజులలోనే, 90 ఏళ్ళ ఆమెకు గర్భాశయ క్యాన్సరు ఉన్నదని తేలినది. ఆమె శస్త్రచికిత్స వద్దని, అప్పటికే ట్రైలరులో కాపురముంటున్న కుమారుని, కోడలిని అనుసరించి మోటారు హోములో బయలుదేరినది. ఏడాదికి పైగా ముప్పైకి మించిన రాష్ట్రాలు చూసినది. 2016 సెప్టెంబరులో, 91వ ఏట, వాషింగ్టన్ రాష్ట్రపు ఫ్రైడే హార్బరులో కన్నుమూసినది. జనం ఆమె ధైర్యాన్నే మెచ్చుకున్నారు, మెచ్చవలసినదే. కాని బండి నడిపినది కుమారుడు, పక్కన ఉండి చూసినది కోడలు. నీరసించిన తరువాత బండిని ఒకచోట నిలిపి, చివరి దశ సంరక్షణ ఇచ్చే వారిని పిలిపించుకున్నారు. ఈ మూడూ లేనివారు ఆమెను చూసి బయలుదేరడం సాహసమే.

మనవారికి సంబంధించినంతవరకు

సందర్శకుల వీసాపై వెళ్ళే తల్లిదండ్రులకు సీనియర్ పాసు గాని, మెడికేర్ గాని వర్తించవు. గ్రీన్ కార్డుతో అయిదేళ్ళు ఎడతెగక నివసించిన 65 ఏళ్ళ వారు ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకోవచ్చును. కనుక పిల్లలు అద్దె మోటారు హోములో పార్కులు చూపిస్తామన్నప్పుడు, ప్రయాణ బీమాలో పాత జబ్బులకు ఏ మేరకు రక్షణ ఉన్నదో ముందే చదివించుకొనవలెను. ఎల్లోస్టోన్ వంటి పార్కులు సముద్రమట్టానికి ఏడెనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నాయి. ఆయాసం ఉన్నవారు వైద్యుని అడిగి బయలుదేరడం మంచిది. నడుస్తున్న బండిలో లేచి వంట చేయడం, మంచం మీద పడుకోవడం ప్రమాదకరం. కూర్చుని బెల్టు పెట్టుకొనవలెను. బండిని తిరిగి అప్పగించేటప్పుడు బ్లాక్ ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వకపోతే అద్దె సంస్థలు విడిగా రుసుము వసూలు చేస్తాయి.