నిర్జనముగాఁ దోఁచు పారిసు వీథులు

పారిసు నగరపుఁ బూర్వ ఛాయాచిత్రములను వరుసగాఁ జూచువారికి మొదట నొక విస్మయము గలుగును. మేడలు, దీపస్తంభములు, గోడల కంటించిన ప్రకటనపత్రములు, పఱచిన ఱాళ్ల నడుమ పాఱు మురుగునీరు, అన్నియు స్పష్టముగా నున్నవి. మనుష్యుఁడు మాత్రము లేఁడు. పందొమ్మిదవ శతాబ్ది నడుమనాఁటికే పదిలక్షలకు మించిన జనము వసించిన నగరమున నిట్టి శూన్యత యెట్లు సంభవించినది? ఈ ప్రశ్నకుఁ జెప్పఁబడు నుత్తరమును బట్టియే యీ చిత్రములు చరిత్రకు సాక్ష్యములగునో, భ్రాంతిహేతువులగునో తేలవలసియున్నది.

1838 వసంతకాలమున లూయీ డగేరు తీసిన చిత్రముతో నీ విచారణ మొదలుపెట్టుట యుచితము. అతఁడు తన డియోరామా యను దృశ్యప్రదర్శనశాల యున్న మేడ కిటికీనుండి ‘బులెవార్ ద్యు తాంప్ల్’ అను విశాలవీథివైపునకు యంత్రమును నిలిపి, వెండిపూఁత గల రాగిరేకుపై దాని ప్రతిబింబమును బట్టెను. ఆ వీథి నాటకశాలలకుఁ బేరుపొందినది. అందుఁ బ్రదర్శింపఁబడు నాటకములలో హత్యలును దొంగతనములును మెండుగా నుండుటచే జనులు దానికి నేరముల వీథి యని పరిహాసనామము పెట్టిరి. అట్టిచోట బండ్లును బాటసారులును ఎడతెగక సాగుచుండిరి. రేకుపై వారెవ్వరును లేరు. ఒక మూల మాత్ర మొక పురుషుఁడు కాలు చాఁచి జోళ్లకు మెఱుఁగు పెట్టించుకొనుచు నిలిచియున్నాఁడు. రేకు వెలుఁగును గ్రహించుటకుఁ గొన్ని నిమిషములు పట్టెను. నడచువాఁ డెచ్చటను నిలువనందున వాని ముద్ర పడలేదు. నిలిచినవాని ముద్ర పడినది. వాని పాదములకడ వంగి పని చేయుచున్నవాఁడు సగము చెదరి, నీడవలె నున్నాఁడు. కూలి యిచ్చినవాఁడు స్పష్టము, కష్టపడినవాఁ డస్పష్టము! మన శాసనములందును దాత పేరు, భూమి యెల్లలు తఱచుగా నుండును. ఱాయి మోసినవాని పేరు దొరకుట యరుదు.

తంతివార్తల యంత్రమునకుఁ బ్రసిద్ధుఁడైన అమెరికా దేశీయుఁడు సామ్యూలు మోర్సు 1839 మార్చినెలలో డగేరు రేకులను స్వయముగాఁ జూచెను. చలించునవి రేకుపై ముద్రపడవనియు, జనసమ్మర్దము గల వీథి యందుచేతనే నిర్జనముగాఁ గనఁబడుచున్నదనియు అతఁడు స్వదేశమునకు వ్రాసిన లేఖ, తన సోదరుల పత్రికలోఁ బ్రకటింపఁబడెను. మోర్సు వృత్తిచేఁ జిత్రకారుఁడు గావున నాతని చూపు పదునైనది. ఆ నెల 8వ తేదీని డగేరు మోర్సు యంత్రమును జూడఁబోయియుండఁగా, నిచ్చట డియోరామా శాల యగ్నికాహుతి యయ్యెను.

వ్యాకరణాభ్యాసము గలవారికి ఈ విషయము సుబోధము. పాణిని లోపమును నిర్వచించుచు దానిని నాశమనలేదు, అదర్శనమనెను. ప్రత్యయము లోపించినను దానినిబట్టి జరుగవలసిన కార్యము జరుగునని వేఱొక సూత్రమున విధించెను. ‘అగ్నిచిత్’ అను పదమున క్విప్ ప్రత్యయముయొక్క వర్ణమొక్కటియు మిగులదు. ఐనను దాని నిమిత్తమున వచ్చిన తకారము తుదను నిలిచియున్నది. డగేరు రేకుపై బాటసారులు లోపించిరి. మెఱుఁగు పెట్టువాఁడు తకారమువలె మిగిలెను. జనము నడువనిచోట నాతఁడు కూర్చుండుట యెందులకు? మీమాంసకులును కనఁబడఁదగిన వస్తువు కనఁబడకున్నప్పుడే యది లేదని నిశ్చయింపవలెనందురు. చీఁకటిగదిలోఁ గుండ కనఁబడలేదని కుండయే లేదనువాఁడు బుద్ధిమంతుఁడు గాఁడు.

1853 మొదలు 1870 వఱకు సేన్ మండలాధిపతియైన హౌస్మన్ ఇఱుకువీథులను గూలఁగొట్టించి విశాలమార్గములను వేయించెను. కూలనున్న వీథులను నగరపాలకుల పనుపున ఛాయాచిత్రములందు నిలిపినవాఁడు చార్లెసు మార్విల్ (1813–1879). ఆతనివి నాలుగువందలకుఁ బైఁబడిన చిత్రములు. కొలోడియను పూసిన గాజుపలకను తడియారక మునుపే వెలుఁగునకుఁ జూపవలెను. నీడ పడిన సందులలో దానికిఁ గొన్ని సెకండ్లయినఁ బట్టును. కావున నిచ్చటను జనులు చాలవఱకు మాసిపోయిరి. ఆ వీథులు కూల్పకమునుపే పాడుపడినవని యీ పటములఁ జూచి తలఁచుట పొరపాటు. అంగడి పేరుపలకలు, వాకిళ్ల నిలిపిన తోపుడుబండ్లు అచ్చటి కాపురములకు సాక్ష్యము పలుకుచున్నవి. ఇండ్లు కూల్చువారికి శూన్యమైన పటము ననుకూలమే.

అదే దశాబ్దమున ఇప్పొలీత్ జూవెన్ ఆ నగరమందే జంటబొమ్మలను దీసెను. రెండు కన్నులతో నొకేసారి చూచినచో లోఁతు తోఁపించు చిన్నపటము లవి. పలక చిన్నది, కటకముయొక్క నాభ్యంతరము తక్కువ; అందుచే వెలుఁగు గాఢముగాఁ బడి, సెకండులో స్వల్పభాగమే చాలెను. వానిలో వంతెనలపై గుఱ్ఱపుబండ్లు, ఎత్తిన పాదము నేల మోపని నడకలు, గుంపులు గుంపులుగా జనులు! పారిసు మాఱలేదు, పలక మాఱినది.

ఐతే శూన్యత నంతయుఁ బలక మీఁద మోపుటయు న్యాయము గాదు. ఒకప్పుడు నటుఁడైన యూజెన్ అజె (1857–1927) సుమారు ముప్పది యేండ్లు పారిసు వీథులను దిరిగి, 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు గల గాజుపలకలపై బొమ్మలు తీసెను. అతని నాఁటికి వేగముగాఁ బట్టు పలకలు దొరకుచునే యుండెను. అయినను అతఁడు తఱచు వేకువనే బయలుదేఱి, జనము లేని వేళను తానే యెన్నుకొనెను. వాల్టర్ బెంజమిన్ 1931లో వ్రాసిన వ్యాసమున నీ శూన్యతనే యాతని ప్రతిభగా నెంచెను. కొంతవఱ కది నిజమే. కాని 1900 ప్రాంతమున అజె వీథివర్తకులను నిలిపి తీసిన వరుస వేఱు మాట చెప్పుచున్నది: దీపపుఁ గప్పుల నమ్మువాఁడు, పిడి త్రిప్పి వాద్యము మ్రోయించు వృద్ధుఁడు, అతని ప్రక్క నవ్వుచుఁ బాడుచున్న చిన్నది. జనులయెడ విముఖుఁడైనవాఁడు వీరిని జేరఁడు.

1920లో అజె తన పలకలు 2,621 పదివేల ఫ్రాంకులకు ఫ్రెంచి ప్రభుత్వమున కమ్మెను. మిగిలినవానిని ఆతని మరణానంతరము బెరెనీస్ ఆబట్ కొని కాపాడఁగా, 1968లో నవి న్యూయార్కు ఆధునిక కళాశాలకుఁ జేరినవి. 1908లో నతఁడు తీసిన ‘ఓ తాంబూర్’ అను మద్యశాల పటమున వాకిట నెవ్వరును లేరు; తలుపు గాజునందు ఛాయాగ్రాహక యంత్రము ప్రతిఫలించుచుండఁగా, ఆ గాజు వెనుకనుండి లోపలివారు బయటికిఁ జూచుచున్నారు.